ఇంటి ఫైలా, ఆసుపత్రి కేస్ షీటా, ఆభా నంబరా: ఏది మేలు?

రెండేళ్ల కిందట నాయన గుంటూరు వైపు మిరప కోతకు పోయినప్పుడు చేలోనే ఛాతీ పట్టేసింది. ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయే కుటుంబాలకు జ్వరమొచ్చినా, పాము కరిచినా, నొప్పులొచ్చినా పరాయి ఊరి ఆసుపత్రే దిక్కు. అక్కడి డాక్టరు ఈసీజీ తీసి అమ్మను అడిగిన మొదటి మాట ఇది: "ఇందులో కనిపిస్తున్న మార్పు పాతదా, కొత్తదా అమ్మా? ఇంతకుముందు తీసిన ఈసీజీ ఏమైనా ఉందా?" కొత్తదైతే గుండెపోటుగా లెక్కేసి ఉన్నపళంగా వైద్యం చేయాలి. పాతదైతే కాస్త ఆగి చూడొచ్చు.

పాత ఈసీజీ ఉంది. అంతకు నాలుగేళ్ల ముందు ఇలాగే నొప్పి వస్తే నాయన మా దగ్గర ఒక ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాడు. ఆ కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టినట్టు అమ్మకు గుర్తు. నాకు ఫోన్ చేసింది. పెట్టె తెరిచి చూస్తే కాగితం ఉంది గానీ గీతలు లేవు, అంతా వెలిసిపోయింది. వెంటనే ఆ ఆసుపత్రికి పోయాను. ఐపీ నంబరు, అంటే వార్డులో చేరినప్పుడు ఇచ్చే నంబరు, అడిగారు, నా దగ్గర లేదు. తేదీ అడిగారు, శ్రావణమాసమని మాత్రమే తెలుసు. కాసేపు వెతికి, "అంత పాతవి ఉండవమ్మా" అన్నారు. రిపోర్టులన్నీ ఫోనులో ఒకచోట చూసుకోవడానికి ఇచ్చే ఆభా నంబరు ఉందిగా అన్నాడు తమ్ముడు. ఉంది, ఊళ్లో అందరికీ చేయించినప్పుడే నాయనకూ చేయించాం. తెరిస్తే లోపల ఒక్క రిపోర్టు కూడా లేదు.

అక్కడి డాక్టర్లు తెగించి నిర్ణయం తీసుకున్నారు, కొత్తదనే అనుకుని పెద్దాసుపత్రికి పంపారు. నాయన దక్కాడు. కానీ మూడు చోట్ల ఉండాల్సిన కాగితం ఒక్కచోటా దొరకని ఆ పూట పడిన టెన్షన్ నేను మర్చిపోలేను. అప్పటి నుంచి రికార్డు ఎక్కడుంటే మేలో చూస్తూ, అడుగుతూ, రాసుకుంటూ వచ్చాను.

ముందుగా చాలామందికి తెలియని ఒక సంగతి. ఓపీలో చూపించుకున్నవాళ్ల రికార్డు వేరు, వార్డులో చేరినవాళ్ల రికార్డు వేరు. మన సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) అంటే నియమం ప్రకారం 30 పడకల ఆసుపత్రి. మైదాన ప్రాంతంలో 1,20,000 మంది జనాభాకు ఒకటి, దాని కింద నాలుగు పీహెచ్‌సీలు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు). పొద్దున ఓపీ కౌంటరు ముందు ఎంత క్యూ ఉంటుందో పోయినవాళ్లకు తెలుసు. అక్కడి రిజిస్టరులో పేరు, వయసు, ఊరు ఎక్కుతాయి. డాక్టరు ఏం చూశాడు, ఏ మందు రాశాడు అన్నది మాత్రం మన చేతికిచ్చిన ఓపీ చీటీ మీదే ఉంటుంది. అంటే ఆ చీటీయే రికార్డు. మందులు తీసుకుని దాన్ని మెడికల్ షాపు బల్ల మీద వదిలేసి వచ్చామంటే మన జబ్బు చరిత్రను అక్కడే పారేసినట్టు. ఓపీ రోగికి కేస్ షీటు మేలా, ఇంటి ఫైలు మేలా అన్న ప్రశ్నే లేదు, ఉన్నది ఒకటే.

వార్డులో చేరితే కథ మారుతుంది. అప్పుడు కేస్ షీటు పుడుతుంది. ఏ గంటకు బీపీ ఎంతుంది, ఏ ఇంజెక్షన్ ఎప్పుడు ఇచ్చారు, ఆపరేషన్‌లో ఏం చేశారు, మత్తు ఎవరిచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. ఇది ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. మనకిచ్చేది డిశ్చార్జ్ సమ్మరీ మాత్రమే. వివరంలో గానీ, కోర్టులో నిలబడే బలంలో గానీ కేస్ షీటుకు సాటి లేదు. యాక్సిడెంటు కేసు అనుకోండి, మోటారు ప్రమాద పరిహారానికి పోయినప్పుడు గాయాల సర్టిఫికెట్, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబరు, కేస్ షీటు నకలు లేకుండా అడుగు ముందుకు పడదు. ఇంట్లో మనం రాసుకున్న నోటుబుక్కును అక్కడ ఎవరూ చూడరు.

దీనికి నియమాలూ ఉన్నాయి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నైతిక నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగి గానీ, అతని తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో నకలు ఇవ్వాలి. మన రాష్ట్రంలో ప్రైవేటు నర్సింగ్ హోములకు 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ పని జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు చూస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద కూడా దరఖాస్తు పెట్టొచ్చు, దానికి మామూలు గడువు 30 రోజులు.

ఈ 72 గంటల సంగతి నాకు ముందే తెలిసుంటే మొదటిసారి డిశ్చార్జి రోజునే నకలు అడిగేదాన్ని. నోటిమాటగా అడిగితే "రేపు రాండి" అంటారు. తెల్లకాగితం మీద పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ రాసి, ఆధార్ నకలు జతచేసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర పడిన కాగితానికి ఉండే మర్యాద వేరు. నాయన విషయంలో నాలుగేళ్లు దాటాయి కాబట్టి వాళ్లు లేదన్నది నియమం ప్రకారం తప్పు కాదు. నా బాధల్లా అదే. ఒంట్లో జబ్బు జీవితాంతం ఉంటుంది, ఆసుపత్రిలో కాగితానికి ఆయుష్షు 3 ఏళ్లు. కేస్ షీటు మీద భరోసా పెట్టుకునేవాళ్లు ఈ లెక్క మర్చిపోకూడదు.

ఇక ఆభా. దీని గురించి ఊళ్లలో ఒక గందరగోళం ఉంది. ఆభా నంబరు వేరు, ఆయుష్మాన్ కార్డు వేరు. ఆయుష్మాన్ కార్డు, మన ఎన్టీఆర్ వైద్య సేవ లాంటివి ఖర్చు భరించే పథకాలు. ఆభా రూపాయి ఇవ్వదు. అది 14 అంకెల నంబరు, రికార్డులను ఒకచోట కలపడానికి. కేంద్రం 2021 సెప్టెంబరు 27న దేశమంతా మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. ఇంకో అపోహ, మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒక కంప్యూటరులో చేరిపోతాయని. అలా కాదు. రిపోర్టు పుట్టిన ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. ఇంకో డాక్టరు చూడాలంటే మన ఫోనుకు అనుమతి అడుగుతూ సందేశం వస్తుంది, మనం ఒప్పుకుంటేనే కనిపిస్తుంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు కూడా. చేయించుకోవడం మన ఇష్టం.

ఇక్కడే దీని బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి. ఆసుపత్రి గానీ, ల్యాబు గానీ మన రిపోర్టును ఆ నంబరుకు కలిపితేనే అందులో ఏమైనా ఉంటుంది. కలపకపోతే నాయన ఆభాలాగా ఖాళీ పెట్టే. పైగా సుగ్గికి పోయే ఇంట్లో నలుగురికి ఒక్క ఫోను. ఆ నంబరు రీఛార్జి లేక ఆగిపోయి కొత్త సిమ్ తీసుకుంటే ఓటీపీ ఎక్కడికి పోతుంది? అయినా వద్దనను. ఆభాతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే సదుపాయం ఉన్న ఆసుపత్రుల్లో మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లకు క్యూలో నిలబడే కష్టం చాలా తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, కాగితంలా ఇది చెదపట్టదు, వానకు తడవదు. అందులోకి రిపోర్టులు రావడం పెరిగిన రోజున నా మాట మార్చుకుంటాను.

ఇంటి ఫైలు మేలని నేను గట్టిగా చెప్పడానికి కారణం మన కళ్ల ముందే ఉంది. గర్భిణుల ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డు చూడండి. బ్లడ్ గ్రూపు, రక్తం శాతం, బరువు, టీకాలు, అన్నీ ఒకే కార్డులో. ఆశా కార్యకర్త రాస్తుంది, ఏఎన్‌ఎం రాస్తుంది, డాక్టరు రాస్తాడు. ఆదోనిలో రాసింది గుంటూరులో చదువుతారు. కరెంటు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. కాన్పుకు పనికొచ్చిన పద్ధతి బీపీకి, షుగరుకు ఎందుకు పనికిరాదు?

కానీ ఇంటి ఫైలును నమ్ముకోవాలంటే దాన్ని కాపాడే తెలివి కావాలి. ఈసీజీ కాగితం వేడికి గీత పడే రకం. మన ఎండలకు, అందులోనూ రేకుల కింద ట్రంకుపెట్టెలో, వెలిసిపోక ఏమవుతుంది! తీసిన రోజే జిరాక్స్ తీయించాలి. భద్రం కదా అని లామినేషన్ చేయించారంటే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. మా వీధిలో ఒకావిడ అలాగే పోగొట్టుకుంది. ఓపీ చీటీలను తేదీల వరుసలో పెట్టాలి, కొత్తది పైన. ప్రతి కాగితానికీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు పంపాలి.

ఇంటి ఫైలుకు ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచను. అది ఇంట్లో అందరి కంటా పడుతుంది. హెచ్ఐవీ, మానసిక వైద్యం, కొన్నిసార్లు టీబీ కాగితాలు కూడా అత్తగారింట్లో అల్మారాలో ఉంటే ఆ మనిషి బతుకు ఏమవుతుందో మన ఊళ్లలో తెలియనిది కాదు. హెచ్ఐవీ వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 చట్టం ఆసుపత్రులకు చెబుతుంది. ట్రంకుపెట్టెకు ఏ చట్టమూ చెప్పలేదు. అలాంటి జబ్బులకు ఆసుపత్రి రికార్డు, సొంత ఫోను ఉంటే ఆభా, ఇవే మేలు. ఇంట్లో పెట్టే కాగితం మీద మందుల పేర్లు, పడని మందులు ఉంటే చాలు.

కాబట్టి నా వరకు వరుస ఇలా కుదిరింది. బీపీ, షుగరు, గుండె, ఆయాసం లాంటి ఏళ్ల తరబడి జబ్బులకు ఇంటి ఫైలు మొదట. ఆపరేషను, యాక్సిడెంటు, కాన్పులో ఇబ్బంది లాంటివాటికి 3 ఏళ్లు దాటకముందే, వీలైతే ఇంటికొచ్చిన వారంలోనే కేస్ షీటు నకలు తెచ్చుకుని ఆ ఫైలులోనే కలపాలి. ఆభా మూడోది, కానీ నంబరును ఫైలు మొదటి పేజీ మీద రాసి, ప్రతి ఓపీ కౌంటరులో అడక్కపోయినా చెప్పాలి.

నాయన ఇప్పుడు సుగ్గికి పోవడం లేదు. అమ్మ, తమ్ముడు పోతున్నారు. అమ్మకు షుగరు. మొన్న సంక్రాంతి పోయాక బయల్దేరే ముందు రాత్రి ఆమె బట్టల సంచి అడుగున ఒక కవరు పెట్టాను. పై కాగితం మీద పెద్ద అక్షరాలతో ఆమె పేరు, వేసుకునే మాత్రలు, పడని ఇంజెక్షను పేరు, ఆభా నంబరు, నా ఫోను నంబరు రాశాను. దాని కింద కిందటి మూడు రక్తపరీక్షల జిరాక్సులు. అమ్మకు చదువు రాదు. అందుకే ఆ కవరును ఎర్ర దారంతో కట్టి, "డాక్టరు ఏమడిగినా ముందు ఇది చేతిలో పెట్టు" అని రెండుసార్లు చెప్పి పంపాను.