లంకలో గెస్ట్‌హౌస్‌కి తాటాకు కప్పా, పెంకుల కప్పా?

కోనసీమ లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య దీవుల్లో, ప్రకృతికి భారం కాని గెస్ట్‌హౌస్ కట్టాలనుకుంటే నా ఓటు పెంకులకే. తాటాకు చల్లగా ఉంటుంది, నిజమే, పైగా దగ్గర్లోనే దొరుకుతుంది, కానీ రెండు మూడేళ్లకోసారి మళ్లీ నేయించాలి, ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు, ఎండాకాలంలో నిప్పు భయం ఒకటి. పెంకు పగిలితే ఆ ఒక్కటీ మారిస్తే చాలు. పాత ఇళ్ల పెంకులు, తాటి దూలాలు దొరికితే ఇంకా మంచిది. దూలాన్ని గోరుతో గీకి చూడండి, పొడి రాలితే పుచ్చినట్టే. తుఫాను గాలికి మాత్రం రెండూ లేస్తాయి, 1996 నవంబరులో కోనసీమ అది కళ్లారా చూసింది, కాబట్టి చూరు వరసల్ని తీగతో కట్టించాల్సిందే. ఏ కప్పు వేసినా అరుగు పాత వరద మట్టం కంటే ఎత్తులో ఉండాలి. భోజనాల పాకకి తాటాకే వేయండి, పొయ్యికి దూరంగా.