ఏపీ క్యాల్‌క్యులస్ పరీక్షకు డెస్మోస్ ఒక్కటే సరిపోతుందా, టీఐ-84 కూడా కావాలా?

ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే అమెరికాలో హైస్కూల్ పిల్లలు మేలో రాసే కాలేజీ స్థాయి పరీక్ష. మే నెల దగ్గర పడుతుంటే అమెరికాలోని మన తెలుగు తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒక్కటే: "బ్లూబుక్‌లోనే డెస్మోస్ ఇస్తున్నారుగా, మళ్లీ టీఐ-84 కొనడం దండగ కదా?"

బ్లూబుక్ అంటే ఈ పరీక్ష రాసే యాప్. డెస్మోస్ అందులోనే ఉండే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్, టీఐ-84 చేత్తో పట్టుకుని వాడేది. ఇంటర్‌లో 2బీ లెక్కలన్నీ కాగితం మీదే చేసి వచ్చినవాళ్లం, క్యాలిక్యులేటర్ అంటే మనకు కాస్త చిన్నచూపే. కానీ 2025 పరీక్షే చూడండి. 45 బిట్లలో 15, ఆరు పెద్ద ప్రశ్నల్లో రెండు క్యాలిక్యులేటర్‌తో చేయాల్సినవి. కలిపి 75 నిమిషాలు.

గ్రాఫ్ చూడ్డానికైతే నా ఓటు డెస్మోస్‌కే. సమీకరణం కొట్టగానే వక్రం కనిపిస్తుంది. టీఐ-84లో విండో, అంటే గ్రాఫ్ చూపించే x, y హద్దులు, కుదరక, ఖాళీ స్క్రీన్ చూసి పిల్లలు కంగారుపడటం నాకు తెలుసు. పైగా డెస్మోస్‌కు పైసా ఖర్చు లేదు.

అయినా నా దృష్టిలో అసలు తేడా వేరేచోట ఉంది. దొరికిన విలువను రౌండ్ చేసి కుదించకుండా తర్వాతి మెట్టుకు తీసుకెళ్లగలమా అన్నదే నేను చూసేది. జవాబు మూడు దశాంశ స్థానాల వరకు సరిగ్గా ఉండాలి మరి. ఉదాహరణకు y = x², y = 7 ఎక్కడ కలుస్తాయో డెస్మోస్‌లో చుక్క మీద నొక్కితే 2.646 అని చూపిస్తుంది. పిల్లలు దాన్నే రాసుకుని ఘనం చేస్తే 18.525 వస్తుంది. అసలు జవాబు 18.520. పద్ధతి అంతా సరిగ్గా చేసి, చివర్లో మార్కు పోగొట్టుకోవడం ఎంత బాధో!

టీఐ-84లో సెకండ్, ట్రేస్ నొక్కి, ఇంటర్‌సెక్ట్‌తో బిందువు పట్టుకుని హోమ్ స్క్రీన్‌కు వస్తే X లో పూర్తి విలువ ఉంటుంది. దాన్ని స్టో బటన్‌తో A లో దాచుకుంటే, ఇంటిగ్రల్ హద్దుల్లో A అని వేస్తే చాలు. డెస్మోస్‌లోనూ సమానం గుర్తు బదులు టిల్డా (~) పెట్టి పూర్తి విలువ రాబట్టవచ్చు. కానీ ఆ కిటుకు బాగా సాధన చేసినవాళ్లకే పరీక్షలో గుర్తొస్తుంది.

ఏది వాడినా కోణాలు డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో లెక్కించే రేడియన్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. పేపర్ మీద ఇంటిగ్రల్‌ను మామూలు గణిత గుర్తులతోనే రాయాలి, మెషీన్ కమాండ్ రాస్తే లెక్కలోకి రాదు.

బీజగణితం కూడా తానే చేసిపెట్టే టీఐ క్యాలిక్యులేటర్ ఎన్‌స్పైర్ క్యాస్ ఏపీలో చెల్లుతుంది కానీ కాలేజీ ప్రవేశానికి రాసే ఏసీటీలో చెల్లదు, 2025 ఆగస్టు నుంచి అలాంటిదే అయిన శాట్‌లోనూ చెల్లదు. అంత ధర పెట్టక్కర్లేదు. ఇంట్లో క్యాసియో గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఉండి, అలవాటైతే అదే వాడనివ్వండి.

మా అమ్మాయికి మా అన్నయ్యగారబ్బాయి వాడిన పాత టీఐ-84 ప్లస్ తెచ్చాం. గ్రాఫ్ డెస్మోస్‌లో చూస్తుంది, అంకెలు టీఐలో తీస్తుంది. పరీక్షలో రెండూ వాడుకోవచ్చు కాబట్టి జనవరి నుంచి హోంవర్క్ కూడా అలాగే చేయిస్తున్నాను.