గాలి కయాక్‌తో గాలం వేట: మూడు రకాల నీళ్లు, వాటి ఒడ్డున బసలు

గాలి నింపి తెడ్డుతో నడిపే చిన్న పడవైన కయాక్‌తో చేపల వేటకు బయలుదేరేవారు చోటును ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు ముందుగా కనుక్కోవాలని నా అభిప్రాయం: పడవను దించే ఒడ్డు ఎలాంటిది, సాయంత్రం దాన్ని కడిగి ఆరబెట్టుకునే వీలు ఎక్కడుంది. చేపల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ మధ్య ఒకే కయాక్‌ను ఒక పెద్ద జలాశయంలోను, నది సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గరి ఉప్పునీటిలోను, నెమ్మదిగా పారే నదిలోను వాడాను. ప్రతి చోటా దాని మీద బిగించిన సామాను మార్చుకోవలసి వచ్చింది. ఆ అమరికలను, దిగిన బసలను, అందిన సేవలను కలిపి చెబితేనే ఇలాంటి ప్రయాణం తలపెట్టినవారికి పనికివస్తుంది.

ముందు పడవ గురించి చెప్పాలి. ఇది పీవీసీతో చేసిన ఇద్దరు కూర్చునే కయాక్. రెండు పక్కల గాలి గొట్టాలు, అడుగున డ్రాప్ స్టిచ్ పద్ధతిలో చేసిన గట్టి పలక ఉంటాయి. డ్రాప్ స్టిచ్ అంటే పై పొరను, కింది పొరను వేల దారాలతో కలిపి కుట్టడం. ఆ దారాలు పొరలను ఉబ్బనివ్వవు కాబట్టి ఎక్కువ పీడనంతో గాలి నింపినా అడుగు బల్లపరుపుగా నిలుస్తుంది. వేటకు ఇద్దరి పడవను ఒక్కరే వాడుకోవడం మేలు. ముందు సీటు తీసేసి, వెనక సీటును బరువు సరితూగే చోటికి జరిపితే, కాళ్ల ముందు ఎరల పెట్టెకు, చేతి వలకు, నీళ్ల సీసాకు చోటు దొరుకుతుంది. ఇలాంటి కయాక్ వెడల్పు 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందువల్ల మామూలు తెడ్డు గొట్టానికి తగులుతుంది, చేతులు త్వరగా నొస్తాయి. 240 సెంటీమీటర్ల తెడ్డు సరిపోతుంది.

మార్పుల విషయంలో నేను పాటించే నియమం ఒకటే: బిగించిన ప్రతి వస్తువూ సాయంత్రానికి విడిపోవాలి. మడిచి సంచిలో పెట్టలేని గాలి పడవ దాని అసలు ప్రయోజనాన్నే కోల్పోతుంది. అందుకే గాలపు కర్రలను నిలబెట్టే రాడ్ స్టాండ్లను నేరుగా గొట్టాలకు అతికించకుండా, రెండు గొట్టాల మీదుగా అడ్డంగా ఒక పలచని ప్లైవుడ్ పలక వేసి, దాని అంచులు గుండ్రంగా అరగదీసి, అడుగున ఫోమ్ అతికించి, పట్టీలతో పక్కనున్న డి ఆకారపు కడియాలకు కట్టాను. స్క్రూలన్నీ పలకలోకే దిగుతాయి. వాటి కొనలు కిందికి పొడుచుకు రాకుండా చూసుకోవాలి. కడియాలు చాలకపోతే కొత్తవి అతికించుకోవచ్చు, కానీ ఆ పనికి ఓపిక కావాలి. పీవీసీకి పీవీసీ జిగురే వాడాలి. రెండు ఉపరితలాలనూ తుడిచి, గాలి తీసి చదునుగా పరిచి, జిగురు పలచగా పూసి, రోలర్‌తో నొక్కి, కనీసం ఒక రోజంతా గాలి నింపకుండా వదిలేయాలి. ప్రయాణానికి ముందు రోజు రాత్రి తలపెట్టే పని కాదిది.

జలాశయంలో అన్నిటికన్నా ముందు లెక్కలోకి తీసుకోవలసింది గాలి. ఇలాంటి కయాక్ నీటిలో తక్కువగా మునుగుతుంది, దాని గొట్టాలు ఎత్తుగా ఉంటాయి, కాబట్టి గాలి వీచిందంటే పడవ పక్కకు కొట్టుకుపోతుంది. అడుగున అమర్చే రెక్క లేకపోతే తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు తిరిగిపోతుంది. లోతైన నీటికి పొడవైన రెక్క తప్పనిసరి. ఉదయం గాలి లేవకముందే దూరం వెళ్లి, గాలి పెరిగాక దానికి అడ్డుపడే ఒడ్డు వెంబడి తిరిగి రావడం మంచిది. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలిని మాత్రం ఎన్నడూ తేలికగా తీసుకోకూడదు. ఒడ్డు దగ్గర నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, వెనక్కి రావడం మొదలుపెట్టాకే దాని బలం తెలుస్తుంది. చోటు విడవకుండా గాలం వేయాలంటే కిలోన్నర మడత లంగరు చాలు, కానీ తాడు లోతుకు కనీసం మూడింతలుండాలి. లోతు మరీ ఎక్కువైన చోట లంగరుకు బదులు నీటిలో తెరుచుకునే డ్రిఫ్ట్ సంచిని వదిలితే పడవ నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది, ఎర కొత్త నీటిని వెదుకుతూ పోతుంది. నాకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చింది.

ధ్వని తరంగాలతో నీటి అడుగున ఏముందో చూపే ఫిష్ ఫైండర్ అమర్చుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గట్టి ప్లాస్టిక్ కయాక్‌లో ఆ తరంగాలను పంపి, అందుకునే భాగమైన ట్రాన్స్‌డ్యూసర్‌ను లోపలే అతికించి పని కానిస్తారు. గాలి పడవలో అది కుదరదు, ఎందుకంటే ధ్వని తరంగాలు గాలి పొర దగ్గరే చాలావరకు వెనక్కి తిరిగిపోతాయి. నేను అడ్డపలక చివర ఒక గొట్టపు చేయి బిగించి ట్రాన్స్‌డ్యూసర్ నీటిలో మునిగేలా కట్టాను. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఆ చేయి పైకి మడవగలిగేలా ఉండాలి. ఆ జలాశయంలో నీట మునిగిన పాత చెట్ల మోళ్లను ముందే చూపించి అది పెట్టుబడికి న్యాయం చేసింది. చేపలు ఆ మోళ్ల దగ్గరే ఉంటాయి, పడవను చీల్చేవీ ఆ మోళ్లే.

జలాశయం ఒడ్డున దిగిన బస గదులు శుభ్రంగా ఉన్నాయి, కిటికీలోంచి నీరు కనిపించేది. అయితే నీటిలోకి దిగడానికి నిటారైన రాతి మెట్లే దారి. ఇరవై కిలోలకు దగ్గరగా ఉండే కయాక్‌ను, సామానును ఆ మెట్ల మీదుగా ఒక్కరే దించడం కష్టం. రాతి మీద ఈడిస్తే పీవీసీ అరిగిపోతుంది. దృశ్యానికే ప్రాధాన్యమిచ్చేవారికి ఆ బస బాగుంటుంది. వేటకు వచ్చేవారికి మాత్రం ఇసుక ఒడ్డున్న మామూలు గది దీనికన్నా నయం. అక్కడ అద్దెకిచ్చే గాలి కయాక్‌ను కూడా ఒకసారి తీసుకుని చూశాను. పంపుకు పీడనం కొలిచే గేజ్ లేదు, అడుగు మెత్తగా ఉండి పడవ నడుమ కుంగిపోయింది. అద్దెకు తీసుకునేవారు డబ్బు చెల్లించేముందు గేజ్ అడగడం, ప్రతి కవాటం దగ్గరా సబ్బు నీరు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడటం అవసరం.

గేజ్ ఎందుకంతగా కావాలో ఎండ చెబుతుంది. అడుగు పలకలో 8 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) నింపి ఒడ్డున వదిలేశామనుకుందాం. లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే ఆ పీడనం సుమారు 9.5 పీఎస్ఐకి చేరుతుంది. తక్కువ పీడనంతో నింపే పక్క గొట్టాల్లో ఈ పెరుగుదల నిష్పత్తి ఇంకా ఎక్కువ, అతుకులు విడిపోయే ప్రమాదమూ ఎక్కువే. కాబట్టి విశ్రాంతికి ఒడ్డెక్కినప్పుడు పడవను నీడకు చేర్చాలి, లేదా కొంత గాలి వదలాలి. ఎండలో నింపిన పడవ చల్లటి నీటిలోకి దిగగానే మెత్తబడుతుంది కనుక, దిగిన కాసేపటికి మళ్లీ కొలిచి నింపుకోవాలి. కారు టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను దీనికి వాడకూడదు. అది క్షణాల్లో హద్దు దాటిస్తుంది.

ముఖద్వారం దగ్గరి ఉప్పునీరు ఈ మూడింటిలో చేపలు ఎక్కువ ఇచ్చింది, జాగ్రత్తలూ ఎక్కువే కోరింది. అక్కడ ఆటుపోట్ల వేళలు తెలియకుండా దిగకూడదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరింత వడిగా లాగుతుంది. ఆటు వేళ నీరు సముద్రంవైపు పోతుండగా ఎదురుగా సముద్రపు గాలి వీస్తే, చిన్న కాలువలో కూడా నిటారైన పొట్టి అలలు లేస్తాయి. గాలి కయాక్‌కు అవి తగినవి కావు. నీరు తగ్గినప్పుడు బయటపడే ఆల్చిప్పల గుట్టలు, రాళ్లకు అంటుకున్న పదునైన చిప్పలు బ్లేడులా కోస్తాయి. అందుకే అక్కడ పొట్టి రెక్క బిగించి, ముక్కు కింద అదనపు పీవీసీ పట్టీ అతికించి దిగాను. చేపల వైపు నుంచి వచ్చే ప్రమాదమూ ఉంది. జెల్లల రెక్క ముల్లు గుచ్చుకుంటే పడవకూ చేతికీ ఒకే గతి. పట్టిన చేపను రబ్బరు వలలోనే ఉంచి, పెదవి పట్టే గ్రిప్‌తో పట్టుకుని, తడి గోనె మీద పెట్టి గాలం తీయాలి. మూడు కొక్కేల గాలాలకు బదులు ఒంటి గాలాలు వాడి, వాటి ఎదురు ముల్లును నొక్కేస్తే చేపకూ పడవకూ మేలు.

అక్కడి బస గది ఇరుకైనదే. అయినా పెరట్లో మంచినీటి కుళాయి, పొడవైన గొట్టం, కప్పు కింద దండెం ఉన్నాయి. ఉప్పునీటి తర్వాత పడవను, కవాటాలను, గాలపు దారం చుట్టే రీళ్లను మంచినీటితో కడగడానికి అంతకన్నా ఏం కావాలి? అడుగు పలకకూ తొడుగుకూ మధ్య ఇసుక చేరి ఉంటుంది; పలకను బయటికి తీసి కడిగి, తడి పూర్తిగా ఆరాకే మడవాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆ ఊరి వేటగాణ్ణి ఒక పూటకు వెంట తీసుకెళ్లడం ఈ యాత్రలో నేను వాడుకున్న సేవలన్నిటిలోకీ విలువైనది. ఏ కాలువ ఏ వేళకు ఎండిపోతుందో, తిరుగు దారి ఎప్పుడు మూసుకుపోతుందో ఆయన చూపించిన తీరులో ఏ పటమూ చూపించలేదు.

నది విషయానికి వస్తే, గాలి కయాక్ గొప్పతనం అక్కడే పూర్తిగా కనిపించింది. పైనున్న రేవులో దిగి, మడుగు మడుగుకూ ఆగి గాలం వేసుకుంటూ, కింది రేవులో తేలి, పడవను మడిచి భుజాన వేసుకుని బస్సులో తిరిగి రావచ్చు. గట్టి కయాక్ అయితే దాన్ని మోసుకొచ్చే వాహనం మాట్లాడుకోవాలి. పారే నీటిలో లంగరును ఎన్నడూ పడవ పక్కన కట్టకూడదు; ప్రవాహం ఆ పక్కను కిందికి లాగి బోల్తా కొట్టిస్తుంది. ముక్కుకో తోకకో కట్టి, ఒక్క లాగుతో విడిపోయే ముడి వేసి, తాడు కోయడానికి కత్తిని లైఫ్ జాకెట్‌కే తగిలించుకోవాలి. ప్రవాహానికి అడ్డంగా పడిన చెట్టు నీటిని పోనిచ్చి మనిషిని పట్టేస్తుంది కాబట్టి దానికి దూరంగా పోవాలి. పడవ తిరగబడితే మళ్లీ ఎక్కడం లోతు తక్కువైన చోట ముందే సాధన చేసుకుని ఉండాలి; సామాను బిగించిన పడవలోకి ఎక్కడం ఖాళీ పడవలోకి ఎక్కినంత సులువు కాదు, అడ్డపలక ఛాతీకి అడ్డు తగులుతుంది. తోక దగ్గర ఒక పట్టీని మెట్టులా వేలాడదీస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

నది ఒడ్డున గుడారాల బస ఇసుక తిన్నె మీద ఉంది. పడవ గుడారం పక్కనే, నీటికి కొన్ని అడుగుల దూరంలో ఉంటుంది, తెల్లవారకముందే దిగవచ్చు. బ్యాటరీలు ఛార్జ్ చేసుకునే ఏర్పాటు లేకపోవడం ఒక్కటే లోటు. అదనపు బ్యాటరీ వెంట తెచ్చుకుంటే సరిపోతుంది. అయితే అక్కడ మాట్లాడుకోగలిగే రవాణా సేవ పైనున్న రేవు దాకానే. కింది రేవును మనమే ముందు రోజు నేల మీద నడిచి వెళ్లి చూసుకోవాలి. గట్టు ఎక్కడానికి దారి ఉందో లేదో పరిశీలించి, నీటిలోంచి దూరానికి కనిపించేలా ఒక రంగు గుడ్డ కట్టి రావాలి.