కెమిస్ట్రీ ఫార్ములాలకు ఎంహెచ్‌కెమ్: ఏళ్ల తరబడి వాడాక

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నోట్సు, టెస్టు పేపర్లు నేనే టైప్ చేసుకుంటాను. వర్డ్ మానేసి, కమాండ్లు టైప్ చేస్తే పేజీని అందంగా అమర్చిపెట్టే లేటెక్‌లోకి వచ్చిందే మార్టిన్ హెన్సెల్ రాసిన ఎంహెచ్‌కెమ్ ప్యాకేజీ కోసం. ఉచితమే. ఫార్ములాల వరకు దీన్ని మించింది నేను చూడలేదు. తెలుగు మీడియం పేపర్‌కు మాత్రం కొంత కుస్తీ పట్టాలి.

వర్డ్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం రాయాలంటే ఒక్కో అంకెకు కంట్రోల్‌తో ఈక్వల్ నొక్కి కిందికి దించాలి, మళ్లీ నొక్కి మామూలు వరుసకు రావాలి. పోనీ ఈక్వేషన్ ఎడిటర్ తెరిస్తే అక్షరాలన్నీ పక్కకు వాలిపోతాయి. మూలకాల సంకేతాలు నిటారుగా ఉండాలి కదా, వాటిని సరిచేస్తూ కూర్చోవాలి. పేపర్ నిండా ఇదే పని.

ఎంహెచ్‌కెమ్‌లో బ్యాక్‌స్లాష్ సీఈ కొట్టి, మీసాల బ్రాకెట్లలో ఫార్ములాని బోర్డు మీద రాసే వరుసలోనే రాసేస్తే చాలు. మైలుతుత్తమే చూడండి: సీయూఎస్ఓ4, చుక్క, 5ఎచ్2ఓ. ఓ తర్వాతి 4 తనంతట తానే కిందికి దిగుతుంది, చుక్క వరుస మధ్యకు లేస్తుంది, చుక్క తర్వాతి 5 మాత్రం పెద్ద అంకెగానే నిలుస్తుంది. అది నీటి అణువుల సంఖ్య అని దానికి తెలుసు! బేరియం సల్ఫేట్ తర్వాత ఖాళీ వదిలి చిన్న వి కొడితే అవక్షేపానికి కింది బాణం వస్తుంది. సల్ఫేట్ అయాన్‌కు టోపీ గుర్తు పెట్టి 2 మైనస్ అంటే చాలు, ఆవేశం 4కి సరిగ్గా నెత్తిన కూర్చోకుండా కాస్త కుడికి జరిగి పడుతుంది. ఒకదానిపై ఒకటి కావాలనుకునేవాళ్లకు లేఅవుట్ మార్చే ఆప్షన్ ఉంది.

నాకు బాగా నచ్చింది బాణాల సంగతి. సమతాస్థితికి ఎదురెదురు అరబాణాలు, రెజొనెన్స్‌కు రెండు కొసలున్న ఒకే బాణం. చాలా గైడ్లలో రెండూ కలిపేస్తారు, పిల్లలు అదే నేర్చుకుంటారు. ఇక్కడ చిన్నది (<), ఈక్వల్, పెద్దది (>) గుర్తులు వరుసగా కొడితే మొదటిది, మధ్యలో ఈక్వల్ బదులు హైఫన్ పెడితే రెండోది. టైప్ చేస్తున్నప్పుడే తేడా గుర్తుంటుంది.

ఇక తెలుగు. లేటెక్‌లోనే తెలుగు ఫాంట్లు నేరుగా తీసుకునే రకాలైన జీలేటెక్ లేదా లువాలేటెక్ వాడాలి. మెయిన్ ఫాంట్‌గా తెలుగు అక్షరాలు మాత్రమే ఉన్న ఫాంట్ ఇస్తే ఫార్ములాలోని ఇంగ్లిష్ అక్షరాలు మాయమవుతాయి. అందుకే ఇంగ్లిష్ ఫాంట్‌ని మెయిన్‌గా ఉంచి, తెలుగుకు విడిగా ఒక ఫాంట్ కమాండ్ పెట్టుకున్నాను. బాణం మీద ‘వేడి’ అని రాయాలన్నా ఆ కమాండ్ తగిలించాల్సిందే, లేదంటే అక్కడ ఖాళీ. మొదట్లో పరీక్ష ముందు రోజు ఇలాంటివి బయటపడి టెన్షన్ పెట్టాయి. ఇప్పుడు ఒక టెంప్లేట్ సిద్ధంగా ఉంది, కాపీ చేసుకుంటే సరి. ప్యాకేజీ పిలిచేటప్పుడు వెర్షన్ 4 అని తప్పకుండా రాయండి, లేకపోతే పాత పద్ధతిలో పనిచేస్తుంది.

బెంజీన్ వలయం, ఆర్గానిక్ నిర్మాణాలు దీని పని కాదు. వాటికి కెమ్‌ఫిగ్ అనే వేరే ప్యాకేజీ ఉంది. చిన్నవి దానితో లాగించేస్తాను. పెద్ద అణువైతే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసి పీడీఎఫ్‌గా అతికించడమే నయం, కోణాలు లెక్కపెడుతూ కూర్చునే ఓపిక నాకు లేదు.

ఆన్‌లైన్ పాఠాలకు ఇంకో లాభం: వెబ్ పేజీల్లో ఫార్ములాలు చూపించే మ్యాథ్‌జాక్స్, కేటెక్ రెండింటికీ ఎంహెచ్‌కెమ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. నోట్సులోని ఫార్ములాలు చాలావరకు మార్చకుండానే వెబ్ పేజీలో పెట్టేయొచ్చు. వర్డ్ ఫైలే కావాలని పట్టుబట్టే తోటి లెక్చరర్లతోనే చిక్కు. వాళ్లకు పీడీఎఫ్ ఇస్తాను, మార్పులుంటే పెన్నుతో రాసి పంపమంటాను.