పీణ్యలో కార్బన్ ఫైబర్ మరమ్మతు: మూడు భాగాలు, 19 రోజులు

బెంగళూరు పీణ్యలోని ఆ వర్క్‌షాప్ పెద్దాయన జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, నా కారు వెనక బంపర్ కింద ఉండే డిఫ్యూజర్ మీద అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవడం చూడగానే నాకు సగం నమ్మకం కుదిరింది. నేను దంతవైద్యురాలిని. మారతహళ్లిలో క్లినిక్ పెట్టి 11 ఏళ్లయింది. చిన్న అద్దం పిడితో పన్ను మీద తట్టి, చప్పుడును బట్టీ ఎదుటివారి ముఖాన్ని బట్టీ లోపలి సంగతి అంచనా వేయడం నా రోజువారీ పని. గట్టిగా ఉన్నచోట బిళ్ళ ఖంగున పలికింది. ఎడమ మూలకు వచ్చేసరికి అట్టపెట్టె మీద తట్టినట్టు మందంగా వినిపించింది. "ఇక్కడ పొరలు విడిపోయాయి డాక్టరమ్మా. పైకి కనిపించే పగులు బెత్తెడే, లోపల జానెడు ఉంది" అంటూ ఆయన తెల్ల పెన్సిలుతో చుట్టూ గీత గీశారు.

కారు 2016 నాటి బీఎండబ్ల్యూ ఎం4. రెండేళ్ల కిందట ఒకరి దగ్గర కొన్నాను. రూఫు కంపెనీవారు బిగించిన కార్బన్ ఫైబరే, అంటే కార్బన్ పోగుల గుడ్డను పొరలుగా పరిచి రెజిన్ అనే జిగురుతో గట్టిపరిచినది. ముందు బంపర్ కింది లిప్, వెనక డిఫ్యూజర్, డిక్కీ మీది స్పాయిలర్ మాత్రం పాత యజమాని తరువాత పెట్టించుకున్నవి. మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజామున నంది కొండకు వెళ్లి వస్తుంటే, ఒక ఊరి ముందు రంగు వేయని స్పీడ్ బ్రేకర్ లిప్‌ను పట్టేసింది. ఆ నెలలోనే సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఒక డెలివరీ స్కూటర్ వెనక నుంచి వచ్చి డిఫ్యూజర్‌కు తగిలింది. పాపం ఆ అబ్బాయి మోచేయి చీరుకుపోయింది. అతనికి కట్టు కట్టించాకే కారు సంగతి చూసుకున్నాను. స్పాయిలర్‌ను ఎవరూ గుద్దలేదు, దాన్ని పాడుచేసింది ఎండ. పైపూత పసుపు తిరిగి అంచుల్లో పొక్కులు లేచాయి.

ముందుగా డిఫ్యూజర్‌ను ఇంటికి దగ్గర్లోని ఒక డెంటింగ్, పెయింటింగ్ షాపులో ఇచ్చాను. పగుల్లో మామూలు పుట్టీ నింపి, పైన కార్బన్ నేత బొమ్మ ముద్రించిన స్టిక్కర్ అంటించి 8,000 రూపాయలు తీసుకున్నారు. రెండు నెలలకే సైలెన్సర్ వేడికి స్టిక్కర్ ముడతలు పడింది, పుట్టీ పెచ్చులుగా ఊడివచ్చింది. కార్లకు వాడే పుట్టీ చాలావరకు పాలియెస్టర్. కార్బన్ గుడ్డను పట్టి ఉంచే రెజిన్ ఎపాక్సీ. గట్టిపడిపోయిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. నా వృత్తిలో రోజూ రెజిన్‌తోనే పని, అయినా ఆ ప్రశ్న ఆ రోజు అడగలేదు. తరువాత ఒక షోరూముకు వెళ్తే మూడూ కొత్తవి తెప్పించాలన్నారు: 3,40,000 రూపాయలు, పది వారాలు. బాగుచేయడం కుదరదా అని అడిగితే అటువంటి పనులు తాము చేయబోమన్నారు. పిప్పిపన్నుతో వచ్చిన ప్రతివారికీ పీకేసి ఇంప్లాంట్ పెడతానంటే నా దగ్గరకు ఎవరు వస్తారు? ఆ కాగితం మడిచి పెట్టి వెతకడం మొదలుపెట్టాను. మా పేషెంటు ఒకాయన ఈ చోటు చెప్పారు.

వర్క్‌షాప్ పీణ్య రెండో స్టేజిలో, లేతు మిషన్ల షెడ్లకూ పౌడర్ కోటింగ్ షెడ్లకూ మధ్య ఉంది. బయట బోర్డు లేదు. నడిపేది విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌లో కాంపొజిట్ పని, అంటే ఇలా పోగులూ రెజినూ కలిపి చేసే పని, చేసి రిటైరయిన పెద్దాయన. కుప్పం వైపు మనిషి, తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో మాట్లాడతారు. అక్కడ తయారయ్యే తేజస్ యుద్ధవిమానం చట్రంలో బరువు లెక్కన 45 శాతం దాకా కార్బన్ కాంపొజిట్లే. ఆ విద్య నేర్చిన మనిషి ఒక కారు మూతిముక్కను అంత శ్రద్ధగా చేతిలోకి తీసుకోవడం చూస్తే ముచ్చటేసింది. అక్కడ పనిచేసే నలుగురు కుర్రాళ్లూ ఆయన్ను మాస్టారు అంటారు, నేనూ అలాగే పిలిచాను.

మూడు భాగాలకు మూడు రకాల తీర్పు చెప్పారు. మిగతా సగం నమ్మకం అక్కడ కుదిరింది. లిప్‌ను బాగుచేయనన్నారు. విరిగిన అంచును వెలుతురుకు తిప్పి చూపించారు. నల్లగా ఉండవలసినచోట తెల్లటి పోగులు, కొబ్బరి పీచులా బయటికి వచ్చి ఉన్నాయి. పైన మాత్రం ఒకే ఒక్క నల్లటి పొర. "ఇది గాజు ఫైబర్ అమ్మా. పైన ఒక్క వరస కార్బన్ గుడ్డ పరిచారు. పైగా నేలకు జానెడు ఎత్తులో ఉండే ముక్క. ఇవాళ నేను అతికితే రేపు ఇంకో స్పీడ్ బ్రేకర్ పట్టుకుంటుంది. మీ డబ్బు దండగ. కొత్తది పోసుకుందాం, పాతది అచ్చుకు పనికొస్తుంది." డిఫ్యూజర్ అసలైన కార్బన్, కాబట్టి అతకవచ్చు. స్పాయిలర్‌లో గుడ్డ చెక్కుచెదరలేదు, పైపూత మారిస్తే చాలు. రూఫు మీద రాయి తగిలిన చిన్న చుక్క ఒకటుంటే అదీ చూపించాను. భూతద్దం పెట్టి చూసి, పోగు తెగలేదు, క్లియర్ కోట్, అంటే రంగులేని పైపూత, మాత్రమే లేచింది అన్నారు. "పోగు తెగి ఉంటే ముట్టుకునేవాణ్ని కాదు. రూఫు కారు బలంలో భాగం. అది కంపెనీవాళ్ల దగ్గర మార్చుకోవలసిందే." చేయనని చెప్పడానికి ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

డిఫ్యూజర్ పని చూడటానికి రెండు శనివారాలు వెళ్లి కూర్చున్నాను. ముందు పాత పుట్టీ అంతా గీకేశారు. తరువాత పగులు చుట్టూ చెరువు గట్టులా ఏటవాలుగా అరగదీశారు. రెండు మిల్లీమీటర్ల మందానికి 40 మిల్లీమీటర్ల వాలు, అంటే ఒకటికి ఇరవై. విరిగిన పన్ను అంచుకు మేము వాలు తీసి కాంపొజిట్ పెట్టేదీ ఇందుకే. నిట్టనిలువు అంచు దగ్గర అతుకుకు పట్టు చిక్కదు. అరగదీశాక లోపలి పొరలు, చెట్టు మొదలు నరికితే కనిపించే వలయాల్లా ఒకదాని చుట్టూ ఒకటి బయటపడ్డాయి. మాస్టారు ఒక్కో వలయంలో నేత ఎటు తిరిగిందో కాగితం మీద రాసుకున్నారు. పాత గుడ్డ ఏ దిశలో ఉంటే కొత్త ముక్క అదే దిశలో పడాలి. లేకపోతే బలం తప్పుతుంది, చూపుకూ తేడా కొడుతుంది.

మాది ధర్మవరం. తాతగారి మగ్గం పక్కన ఆడుకుంటూ పెరిగినదాన్ని, పడుగూ పేకా నాకు కొత్త కాదు. ఈ గుడ్డలో పేక రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పోతుంది. ప్రతి వరసకూ ఒక పోగు పక్కకు జరుగుతుంది, అందుకే ఆ ఏటవాలు గీతలు కనిపిస్తాయి. ఒక్కో పోగులో 3,000 తంతువులు. ఒక్కో తంతువు మందం సుమారు 7 మైక్రాన్లు, తలవెంట్రుకలో పదో వంతు. ఊరికే కత్తెర పెడితే అంచు విచ్చుకుపోతుంది. అందుకని కుర్రాడు ముందు టేపు అంటించి టేపు మీదుగా కోశాడు. కోసిన ముక్కను రెండు చేతుల వేళ్ల కొసలతో ఎత్తి, గీతకు గీత కలిపి పరిచినప్పుడు ఊపిరి బిగబట్టాడు. మా తాతగారు తెగిన పోగును ముడివేసేటప్పుడు అలాగే ఊపిరి బిగబట్టేవారు.

గుడ్డకు రెజిన్ పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులు జిగురు టేపుతో మూసి పంపు వేశారు. గాలి పోయేకొద్దీ ప్లాస్టిక్ ముక్కకు గట్టిగా అంటుకుపోయింది. లోపలి బుడగలూ ఎక్కువైన రెజినూ పైనున్న దూదిపొరలోకి ఇంకాయి. మర్నాడు డిఫ్యూజర్‌ను ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచారు. పక్కనే నాలుగు సైలెన్సర్ గొట్టాలున్న ముక్క కదా, గది వేడిలో ఆరిన రెజిన్ ఆ సెగకు మెత్తబడుతుందట. ఇంకో సంగతి నేను అడగకుండానే చూశారు. బిగింపు స్క్రూల దగ్గర అల్యూమినియం పట్టీ తెల్లగా పొడి రాలుతోంది. కార్బన్‌కు కరెంటు పారే గుణం ఉంది. తడి తగిలితే పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. నోట్లో బంగారు తొడుగూ వెండి సిమెంటూ ఎదురెదురుగా ఉంటే జివ్వుమనేది ఇలాంటి కారణంతోనే. మధ్యలో ఒక వరస గాజు గుడ్డ వేసి, స్టెయిన్‌లెస్ స్క్రూలకు నైలాన్ వాషర్లు పెట్టారు. దీనికి విడిగా డబ్బు తీసుకోలేదు.

ఇక లోటుపాట్లు. పది రోజులన్న పని 19 రోజులు పట్టింది. అది ఆగస్టు, ముసురు పట్టి ఉంది. తడిగాలిలో ఎపాక్సీ గట్టిపడేటప్పుడు రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనంలాంటి జిడ్డు పొర కడతాయి. కొత్త లిప్ పైపూతకు అదే జరిగింది. కడిగి, అరగదీసి, మళ్లీ పూయవలసి వచ్చింది. తడి తగిలిన అతుకు నిలవదని నాకు తెలుసు. లాలాజలం తగలకుండా పన్ను చుట్టూ రబ్బరు షీటు కట్టకుండా నేను ఫిల్లింగ్ మొదలుపెట్టను. కాబట్టి ఆలస్యానికి నొచ్చుకోలేదు. ఆ మాట నాకు ఫోను చేసి చెప్పకపోవడానికి నొచ్చుకున్నాను. 25 కిలోమీటర్లు, హెబ్బాళ ట్రాఫిక్ దాటి వెళ్లాక "ఇంకా కాలేదు మేడమ్" అనిపించుకోవడం బాగుండదు. మాస్టారికి అదే చెప్పాను. తరువాత రోజూ సాయంత్రం ఫొటో పంపించారు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. అరగదీసేటప్పుడు నీళ్లు చల్లుతున్నారు, దుమ్ము పీల్చే మిషనూ ఉంది. కానీ చిన్న కుర్రాడు మాస్కు లేకుండా కూర్చున్నాడు, చేతులు మోచేతి దాకా నల్లగా, దురదతో గోక్కుంటున్నాడు. ఆ దుమ్ము కళ్లకూ చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. క్లినిక్ నుంచి ఒక పెట్టె మాస్కులు తెచ్చి ఇచ్చాను. మరుసటి వారం వెళ్తే అందరి ముఖాలకూ ఉన్నాయి. మీరు వెళ్లినప్పుడు లేకపోతే దయచేసి అడగండి.

మూడోది, డిఫ్యూజర్ అతుకు పూర్తిగా మాయం కాలేదు. పొద్దుటి ఏటవాలు ఎండలో మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఎడమ మూల నేత వెంట్రుకవాసి జరిగినట్టు తెలుస్తుంది. అలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి ఫిర్యాదు లేదు. స్పాయిలర్ మాత్రం అద్దంలా వచ్చింది. ఎండకు తట్టుకునే క్లియర్ కోట్ మూడు వరసలు వేశారు.

స్పాయిలర్‌కు 14,000, డిఫ్యూజర్‌కు 31,000, అచ్చుతో కలిపి కొత్త లిప్‌కు 41,000, మొత్తం 86,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో 1,01,480. రూఫు మీది చుక్కకు ఏమీ తీసుకోలేదు. ఇన్సూరెన్స్ జోలికి వెళ్లలేదు. కంపెనీ బిగించని భాగాలను పాలసీలో విడిగా చూపించి ప్రీమియం కట్టి ఉంటేనే వాటికి డబ్బు వస్తుంది. పాత యజమాని అది చేయలేదు, నేనూ చూసుకోలేదు. ఈసారి రెన్యువల్‌లో మూడూ రాయించాను.

వెళ్లేవారు విరిగిన ముక్కలు, రవ్వలతో సహా, కవర్లో వేసుకుని వెళ్లండి. లోపల ఎన్ని పొరలున్నాయో వాటిని చూసే చెబుతారు. శనివారం ఏడింటికల్లా బయలుదేరితే రింగురోడ్డు ఖాళీగా ఉంటుంది. నంబరు అందరికీ కనిపించేలా పెట్టవద్దని మాస్టారు కోరారు, అడిగినవారికి విడిగా పంపుతాను. లిప్ అచ్చు నా డబ్బుతో చేసినదే, కానీ దాన్ని అక్కడే ఉంచమన్నాను. ఇదే మోడల్ ఎం4 ఉన్నవారు ఎవరైనా వెళ్తే అచ్చు ఖర్చు వేయకండి అని అడిగాను, మాస్టారు సరేనన్నారు.