పాత ఫొటోలు బాగు చేయిస్తున్నారా? ముఖాల సంగతి ముందే చెప్పండి

మొత్తం 43 ఫొటోలు ఇచ్చాను. ఒక్కో ఫొటో స్కానింగ్‌కి 30 రూపాయలు, పాడైనవి బాగు చేయడానికి ఒక్కోదానికి 350. ఐదు రోజులన్నారు, పన్నెండు రోజులు పట్టింది. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉన్నవి అవే ఫొటోలు, ఇంకో కాపీ లేదు. ఆ వారం రోజులూ నాకు ఎంత టెన్షన్‌గా ఉందో చెప్పలేను. అయినా ఈ స్టూడియోకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఎందుకో చెబుతాను.

మా అమ్మమ్మవాళ్లది కోనసీమలో ఒక లంక ఊరు. 1986 ఆగస్టులో గోదావరి వరదకి ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. ఆల్బమ్ ఉన్న ట్రంకు పెట్టెను తాతయ్య అటక ఎక్కించారు కాబట్టి అది దక్కింది. బల్ల మీదున్న ఫ్రేము మాత్రం నీళ్లలో మునిగి, లోపలి ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. అమ్మమ్మ ఫొటో అదొక్కటే ఉంది. చిన్నప్పుడు మశూచి సోకి బతికి బయటపడ్డ మనిషి. ముఖం నిండా మచ్చలు. అందుకే కెమెరా కనిపిస్తే వంటింట్లోకి వెళ్లిపోయేదట. మా అమ్మ పెళ్లినాడు తాతయ్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే తీయించుకున్న ఫొటో అది.

ఇంతకుముందు మా ఊళ్లో ఒకతను ఆ ఫొటోను అద్దం నుంచి ఊడదీసి ఇస్తానన్నాడు. ఇక్కడి పెద్దాయన చూడగానే, "అమ్మా, దీన్ని ఎవరికీ లాగనివ్వకండి" అన్నారు. ఫొటో కాగితం మీద ఉండే జెలటిన్ పొర తడిస్తే జిగురులా అద్దానికి పట్టేస్తుందట. లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోయి చేతికి కాగితం వస్తుందట. ఆయన అద్దంతోపాటే కెమెరా స్టాండు కింద పెట్టి, రెండు పక్కలా ఏటవాలుగా లైట్లు పెట్టి, అద్దంలో నీడ పడకుండా నల్లగుడ్డ అడ్డం కట్టి తీశారు. నా కళ్లముందే చేశారు. వెనక అట్ట విప్పితే తాతయ్య పెన్సిల్‌తో రాసిన అక్షరాలు కనిపించాయి: "చిన్నమ్మాయి పెళ్లి, 1968 మే." దాన్నీ తీశారు. మిగతా ఫొటోలకి కూడా వెనక రాత ఉంటే రెండో వైపు స్కాన్ చేసి ఇచ్చారు, దానికి వేరే డబ్బులు తీసుకోలేదు. ఇది నేను అడగలేదు. నాలుగు స్టార్లలో రెండు దీనికే.

ఇక ఫిర్యాదు. కంప్యూటర్ పని ఆయన కొడుకు చేస్తాడు. "ఆంటీ, మచ్చలన్నీ తీసేశాను, ఫేస్ ఎంత నీట్‌గా వచ్చిందో చూడండి" అంటూ స్క్రీన్ తిప్పాడు. చూసిన మా అమ్మ, "ఎవరీవిడ?" అంది. నున్నటి బుగ్గలు, దిద్దినట్టున్న కనుబొమలు. చీరకి గులాబి రంగు కూడా వేశాడు. అది బండార్లంక చీర, వంగపండు రంగు, పసుపు అంచు. ఆ చీర అమ్మమ్మకి కట్టించిన మా పెద్దమ్మ ఇంకా ఉంది, అడిగితే చెప్పేది. అబ్బాయి కష్టపడి చేశాడు, తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. కానీ ఆ మచ్చలు లేకపోతే అది మా అమ్మమ్మ కాదని చెప్పాను. అతను బాధపడి, మళ్లీ మొదటినుంచి చేశాడు. ఈసారి నీటి మరకలు, గీతలు మాత్రమే పోయాయి. ముఖం జోలికి వెళ్లలేదు, రంగు వేయలేదు, డబ్బు ఎక్కువ అడగలేదు. మీరు ఇచ్చేటప్పుడే "ముఖాలు ముట్టుకోవద్దు, రంగులు వద్దు" అని రసీదు మీద రాయించుకోండి.

ఎనభైల నాటి కలర్ ఫొటోలు ఎర్రబారిపోయాయి. వాటిలో నీలం వైపు రంగు ముందుగా వెలిసిపోతుందని, నలుపు తెలుపువి వెండితో ఏర్పడ్డ బొమ్మలు కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తాయని పెద్దాయన చెప్పారు. కలర్‌వి చాలావరకు బాగా సరిచేశారు. నెగటివ్‌లు మాత్రం వీళ్ల దగ్గర స్కాన్ చేయరు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఆల్బమ్ వరసలో లేవు. వెనక నేను పెన్సిల్‌తో నంబర్లు వేసి ఇచ్చినా పట్టించుకోలేదు. సర్దుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

స్కానింగ్ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో చేయించాను. ఫ్యామిలీ గ్రూపులో మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపాను. పెద్దచేసి చూస్తే పెళ్లి పందిట్లో, వెనక వరసలో, స్తంభం పక్కన ఒక చిన్నపిల్ల సగం ముఖం కనిపించింది. మాలో ఎవరికీ తెలియలేదు. హైదరాబాద్‌లో ఉన్న పెద్దమ్మ రాత్రి తొమ్మిదికి వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ పిల్ల పాలేరు కూతురని, అమ్మమ్మే తన దగ్గర కూర్చోబెట్టుకుని ఒకటో తరగతి పుస్తకం చదివించేదని, ఆ రోజు పిల్ల వేసుకున్న గౌను కూడా అమ్మమ్మ కుట్టిందేనని. ఆరున్నర నిమిషాలు మాట్లాడింది. అమ్మమ్మకి కుట్టుపని వచ్చని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఆ మాటలన్నీ రాసి, ప్రింటు తీసి, ఫొటోతోపాటే కవర్లో పెట్టాను.

అమ్మమ్మ ఫొటో మచ్చలతో ఉన్నది ఇంకో మూడు కాపీలు కావాలి, ఎనిమిది పది అంగుళాల సైజు, మెరుపు లేని మ్యాట్ కాగితం. ఫోన్ ఎత్తరు కాబట్టి శనివారం నేనే వెళ్తున్నాను.