మూడేళ్లు వాడిన మాట: సబ్‌మెరైన్ కోసం పీవీసీ నమూనా, అట్ట మాకప్

ఒక్క మనిషి పట్టే సబ్‌మెరైన్ సొంతంగా కట్టుకోవాలని శ్రీకాకుళంలో మా షెడ్డులో మూడేళ్లుగా రెండు వస్తువులు వాడుతున్నాను. ఒకటి నాలుగు అంగుళాల పీవీసీ పైపుతో చేసిన నమూనా, అసలు దానిలో పదో వంతు. రెండోది అసలు సైజు మాకప్: వెదురు బద్దల రింగులు, బైండింగ్ వైరు, ఫ్రిజ్‌ల అట్టపెట్టెలు. ఇనుము ఇంకా కొనలేదు. కొనకపోవడమే మంచిదయింది.

నాకు ఎక్కువ నేర్పింది మాకప్పే. కాగితం మీద 1.1 మీటర్ల వ్యాసం బోలెడంత అనిపించింది. చుట్టూ రిబ్బులకి (గోడకి బలమిచ్చే రింగులు) 6 సెంటీమీటర్లు, కింద బ్యాటరీలకి 20 పోయాక కూర్చుంటే తల పైకి తగిలింది. సీటు తెచ్చి డోమ్ కిందకి, అంటే పైన గుండ్రంగా ఉబ్బిన చోటుకి మార్చాను. ఎక్కే కన్నం మొదట 45 సెంటీమీటర్లు కోశాను. దిగడం సులువుగానే దిగాను. పైకి వచ్చేటప్పుడు మోచేతులు ఎత్తితే భుజాలు ఇరుక్కున్నాయి. దాన్ని 55 చేశాను. విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటినప్పుడు కూడా ఇంత బాగా అర్థం కాలేదు.

ఒకరోజు మా బావమరిది కళ్లకి తువ్వాలు కట్టి లోపల కూర్చోబెట్టాను. మునగడానికి నీళ్లు నింపే ట్యాంకుల్లోకి గాలి వదిలి, ఆ నీళ్లని బయటికి తోసే వాల్వు వెతకమన్నాను. చెయ్యి అట్ట మీద తడుముతూనే ఉంది. "ఏటి బావా, ఎనక్కి పెట్టేవు దీన్ని?" అన్నాడు. ఎడమ మోచేతి వెనక ఉంది మరి. పైకి తేల్చే వాల్వు చీకట్లో అందకపోతే ప్రాణం మీదకి వస్తుంది. కుడి మోకాలి పక్కకి మార్చడానికి పట్టింది పది నిమిషాలు, ఒక అట్టముక్క. ఇనుములో అయితే కొయ్యాలి, మళ్లీ వెల్డింగ్ చెయ్యాలి, లీకు పరీక్ష మొదటి నుంచీ చూసుకోవాలి.

లోపమూ చెప్పాలి. అట్ట ఒక్క వానాకాలం కూడా ఆగదు. రెండుసార్లు మార్చాను.

ఇక నమూనా. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతు కాబట్టి బరువు వెయ్యో వంతు. ఇక్కడ ఒక గ్రాము తప్పితే అక్కడ ఒక కిలో. మా తొట్టిలో సరిగ్గా మునిగేలా తూచి పెట్టిన దాన్ని కళింగపట్నం నుంచి డ్రమ్ములో తెచ్చిన సముద్రపు నీళ్లలో వేస్తే మునగనంది. వలలకి కట్టే సీసం గుళ్లు సుమారు 70 గ్రాములు వేశాకే దిగింది. అంటే అసలు దానికి 70 కిలోలు, ఒక మనిషంత బరువు. ఉప్పునీరు బరువని చదివాను కానీ దీంతోనే ఒంటబట్టింది.

ఇంకోసారి ట్యాంకు సగం నిండగానే ముక్కు కిందకి దిగిపోయింది. లోపలి నీళ్లన్నీ ఒక్క ఊపున ముందుకి పరుగెత్తాయి. ట్యాంకుని అడ్డగోడతో రెండు చేసి, సీసం బాగా అడుక్కి దించాక నిలకడ వచ్చింది.

ఈ రెండూ జవాబు చెప్పలేనిది ఒత్తిడి. పది మీటర్ల లోతులో 30 సెంటీమీటర్ల గుండ్రటి కిటికీ ఒక్కదాని మీదే దాదాపు 700 కిలోలు పడుతుంది. తొట్టిలో నమూనా చెక్కుచెదరలేదని అసలు సబ్‌మెరైన్ గోడ గట్టిదని అనుకోకూడదు. దానికి లెక్కలు వేరే కట్టాలి, ఆ తర్వాత మనిషి లేకుండా తాడుతో దించి చూడాలి.

ఈ వారం డోమ్ చుట్టూ అట్ట తీసి ప్లైవుడ్ వేస్తున్నాను. సీటు ఇంకో 4 సెంటీమీటర్లు ముందుకి జరగాలి.